పిల్లి బేస్‌మెంట్‌లోనే ఉంది

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున ఇండియన్ స్టోర్‌కి వెళ్లి బెండకాయలు, కరివేపాకు తెచ్చాను, వారం బట్టలు ఉతికాను, మధ్యాహ్నం స్నేహితురాలి ఇంట్లో భోజనం. రాయాలనిపించింది మాత్రం ఆ భోజనాల దగ్గర వచ్చిన ఒక్క మాట గురించే. వాళ్ల నాన్నగారు (నేను బాబాయిగారంటాను) ఈమధ్యే గుంటూరు నుంచి వచ్చారు. అన్నంలో గోంగూర కలుపుకుంటూ "అమ్మాయ్, ఆ కుక్కల్ని తినేవాళ్ల ఊరు మీకు దగ్గరేనటగా?" అని అడిగారు. నవ్వులాటకి కాదు, నిజంగా నమ్మి, కాస్త భయపడుతూనే అడిగారు.

దగ్గరే. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ నుంచి డేటన్ వెళ్లే ఐ-70 హైవే మీద వస్తుంది స్ప్రింగ్‌ఫీల్డ్. 60 వేల లోపు జనాభా, ఫ్యాక్టరీలు మూతపడి ఏళ్ల తరబడి జనం తగ్గుతూ వచ్చిన ఊరు. మళ్లీ పనులు మొదలయ్యాక కరీబియన్ దేశం హైతీ నుంచి వచ్చినవాళ్లు వేలల్లో అక్కడ చేరారు, 2024లో ఈ గొడవ జరిగేనాటికి ఎక్కువమంది టీపీఎస్ (సొంత దేశంలో పరిస్థితులు బాగాలేనివాళ్లకి అమెరికా ఇచ్చే తాత్కాలిక రక్షణ) మీద చట్టబద్ధంగానే ఉండేవాళ్లు. అద్దెలు పెరిగాయి, క్లినిక్కుల్లో క్యూలు పెరిగాయి, బళ్లలో ఇంగ్లీషు రాని పిల్లలు ఎక్కువయ్యారు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే, వాటి గురించి ఊరివాళ్లు కోపంగా మాట్లాడితే నేను తప్పు పట్టను.

కానీ దేశమంతా తిరిగింది ఆ ఇబ్బందుల కథ కాదు. పక్కింటావిడ కూతురి స్నేహితురాలి పిల్లి కనబడలేదని, హైతీవాళ్లు దాన్ని తినడానికి చంపారని ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు తిరిగింది. 2024 సెప్టెంబరు 10న అధ్యక్ష ఎన్నికల ఫిలడెల్ఫియా డిబేట్‌లో ట్రంప్ నోట అది, వాళ్లు జనం పెంచుకునే కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారన్న మాటగా, కోట్లమంది విన్నారు. అలాంటిదేమీ జరిగినట్టు నమ్మదగిన సమాచారం లేదని సిటీ మేనేజర్ చెప్పారంటూ డిబేట్ నడిపినాయన అక్కడికక్కడే అన్నాడు, ఎవరు విన్నారు? ఇంకోసారి ఒకావిడ, తన పిల్లి పోయిందని హైతీ పక్కింటివాళ్ల మీద పోలీసులకి చెప్పింది. కొన్ని రోజులకి పిల్లి ఆవిడ బేస్‌మెంట్‌లోనే కనబడింది. ఆవిడ ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ యాప్ పెట్టుకుని పక్కింటికి వెళ్లి క్షమాపణ చెప్పింది. నాకు ఆవిడంటే గౌరవం. ఈ మొత్తం వ్యవహారంలో క్షమాపణ చెప్పాల్సిన పెద్దవాళ్లు ఎవరూ అంతపాటి పని చెయ్యలేదు. అసలు అప్పుడు ట్రంప్ పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న వాన్స్ అయితే, మీడియా దృష్టి పడాలంటే కథలు సృష్టించాల్సి వస్తే సృష్టిస్తానని సీఎన్‌ఎన్‌లో చెప్పేశాడు.

తర్వాత ఆ ఊరికి వచ్చినవి బాంబు బెదిరింపులు, ముప్పైకి పైనే. అన్నీ ఉత్తవేనని ఒహాయో గవర్నర్ డివైన్ చెప్పారు. ఆయనా ట్రంప్ లాగే రిపబ్లికనే, పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఉత్తవే అయినా బళ్లు ఖాళీ చేయించారు, పోలీసులు గదిగదీ వెతికాక పిల్లల్ని లోపలికి పంపారు. 2023లో స్కూలు బస్సు ప్రమాదంలో పదకొండేళ్ల బాబు చనిపోయాడు, ఆ బస్సుని గుద్దిన బండి నడిపింది హైతీ అతను. ఆ బాబు తండ్రి సిటీ మీటింగులో నిలబడి, మా వాడి చావుని మీ ద్వేషానికి వాడుకోకండి అని నాయకుల్ని వేడుకోవలసి వచ్చింది. ఆ వీడియో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇదంతా చెబితే బాబాయిగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చూసే ఛానళ్లలో ఇందులో సగం కూడా రాలేదట. నేను ఆయనకి 2025 సెప్టెంబరు గుర్తు చేశాను. శుక్రవారం సాయంత్రం హెచ్-1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ సంతకం పెట్టారు, అది ఏటా కట్టాలని వాణిజ్య మంత్రి లట్నిక్ అన్నాడు, ఆదివారం మొదలవగానే అమలు. వాళ్ల అల్లుడు అప్పుడు గుంటూరులోనే ఉన్నాడు. వాట్సాప్‌లో ఒకరు వీసాలన్నీ రద్దయ్యాయని, ఇంకొకరు ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపేస్తున్నారని పెడుతుంటే ఇల్లంతా టెన్షన్. నోటికొచ్చిన రేటుకి టికెట్ కొన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కిన విమానం దిగి వెళ్లిపోయినవాళ్లున్నారు. శనివారానికి వైట్‌హౌస్ తీరిగ్గా, ఇది ఒక్కసారే కట్టేది, కొత్త దరఖాస్తులకే, ఇప్పుడున్నవాళ్లకి కాదు అని చెప్పింది.

"ఆ రెండ్రోజులూ నాకు అన్నం సయించలేదమ్మా" అన్నారు బాబాయిగారు. స్ప్రింగ్‌ఫీల్డ్ తల్లులకీ అలాగే ఉండి ఉంటుందండీ అన్నాను. తలూపారు.

ఇంటికొచ్చాక కూడా మనసులో అదే తిరుగుతోంది. పుకారు పుట్టించేవాళ్ల మీద నాకెంత కోపమో, చెయ్యాల్సిన పని చెయ్యని కాంగ్రెస్ మీద, అంటే ఇక్కడి పార్లమెంటు మీద, అంతకన్నా ఎక్కువ కోపం. ఉద్యోగాల మీద ఏటా 1,40,000 గ్రీన్‌కార్డులు, ఒక్కో దేశానికి వాటిలో 7 శాతం మించకూడదనే లెక్క 1990 నాటిది. ఆ 7 శాతం తీసేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది, మరుసటి ఏడాది డిసెంబరులో పై సభ సెనేట్ తన మార్పులతో ఒప్పుకుంది, రెండు సభల బిల్లులూ ఒకటి కాకుండానే గడువు ముగిసి బిల్లు పోయింది. 2024 ఫిబ్రవరిలో రెండు పార్టీలవాళ్లూ నెలల తరబడి కూర్చుని రాసిన సరిహద్దు బిల్లుని ట్రంప్ వద్దనడంతో సెనేట్‌లోనే ఆపేశారు. 2025లో ఖర్చుల బిల్లు మీద ఒప్పందం కుదరక ఏకంగా 43 రోజులు ప్రభుత్వమే మూతపడింది, పేదలకి తిండికోసం ఇచ్చే, నాలుగు కోట్ల మందికి పైగా ఆధారపడ్డ ఫుడ్ స్టాంపులు నవంబరులో ఆలస్యమయ్యాయి. చట్టం ఎటూ కదలని చోట ఎవరికీ రేపేమిటో తెలియదు. అలా తెలియనివాళ్లు ఏది వినబడితే అది నమ్ముతారు, గుంటూరులో అయినా ఒహాయోలో అయినా. హైతీ వాళ్ల టీపీఎస్ కూడా ఎత్తేస్తామని ట్రంప్ ప్రభుత్వం ప్రకటించింది, అదీ కోర్టుల్లోకి వెళ్లింది.

వచ్చేటప్పుడు బాబాయిగారు చెప్పులేసుకుంటున్న నన్ను ఆపి, తమ వాకింగ్ గ్రూపులో పెడతానని, ఆ పిల్లి సంగతి తెలుగులో రాసి పంపమన్నారు. ఇందాకే పంపాను. నాకిక్కడ ఓటు లేదు, కానీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చెయ్యడానికి ఓటుండక్కర్లేదు. రేపు లంచ్ టైములో చేసి 7 శాతం గురించీ, టీపీఎస్ గురించీ, రెండూ అడగాలి.