పదహారు బూడిద రంగుల్లో మా పాప

కదిలింది! పవర్‌బుక్ 180 తెర మధ్యలో, అరచేతిలో సగం కూడా లేని చిన్న కిటికీలో మా పాప పరుగెత్తుకుంటూ వచ్చింది.

1992 నాటి ఆపిల్ ల్యాప్‌టాప్ ఇది. 33 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. తెర మీద రంగులే లేవు, తెలుపు నుంచి నలుపు దాకా 16 ఛాయలు, అంతే. ఫోన్‌లో తీసిన వీడియోని 160x120 చుక్కల సైజుకి కుదించి, సినిపాక్ అనే పాత వీడియో కుదింపు పద్ధతిలోకి మార్చి, ఆపిల్ వాళ్ల వీడియో సాఫ్ట్‌వేర్ క్విక్‌టైమ్‌లో ఆడించాను. పాప ఎర్ర గౌను ముదురు బూడిద రంగులోకి మారిపోయింది, బుగ్గల మీద మాత్రం పాత న్యూస్‌పేపర్ ఫొటోలోలాగా చుక్కలు చుక్కలుగా నీడలు. లేని ఛాయని పక్కపక్క చుక్కలతో కంటికి ఉన్నట్టు చూపించడమన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చింది సినిపాక్. బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోసి, ముందే తయారుచేసిన నమూనాల పట్టికలోంచి ఏ గడికి ఏది సరిపోతుందో రాసి పెడుతుంది. ఆ వెతుకులాట కష్టమంతా వీడియో తయారుచేసేటప్పుడే అయిపోతుంది కాబట్టి, ఆడించేటప్పుడు పాపం ఆ చిన్న ప్రాసెసర్‌కి పట్టికలోంచి తీసి అతికించే పనే ఎక్కువ. ఎంత ఆలోచించి చేశారో! ఉన్న కొద్దిపాటి శక్తిని ఇంత గౌరవంగా వాడుకున్న పని చూస్తే నాకు నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పాపని పిలిచి చూపించాను. "నాన్నా, ఇది నేనే!" అంది వెంటనే, ఒక్క క్షణం కూడా తడబడకుండా.

ఇక ఇదే పవర్‌బుక్‌లో 256 రంగుల తెర ఉన్న మోడల్, 180సి, ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకాలి. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, ఆ ఎర్ర గౌను అందులో ఎలా కనిపిస్తుందో చూడాలని ఉంది.