ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి మేడం

సాయంత్రం నాలుగింటికి తాళం తీసి, కిటికీలు తెరిచి, రిజిస్టరు బల్ల మీద పెట్టేసరికి ఎవరో ఒకరు వచ్చి ఈ మాట అంటారు. పదకొండేళ్లుగా వింటున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో దీనికి నా దగ్గర జవాబు తయారుగా ఉండేది. నాకు ప్రాణమైన నవలలు ఓ పది ఉన్నాయి, వాటిలో ఏది చేతికి అందితే అది ఇచ్చి పంపేదాన్ని. ఇప్పుడు మాత్రం ముందు "కూర్చోండి" అంటాను.

మాది తెనాలి వైపు ఒక చిన్న శాఖా గ్రంథాలయం. రెండు గదులు, ఒక వరండా, పద్నాలుగు బీరువాలు. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. పొద్దున్న వచ్చేవాళ్లలో ఎక్కువమంది పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్లు. వరండా మొత్తం గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలది. వాళ్లు దిండ్లు, నీళ్ల సీసాలు, కట్టల కొద్దీ మెటీరియల్ ఇంటి నుంచే తెచ్చుకుంటారు. బీరువా వైపు తల తిప్పేంత తీరిక కూడా వాళ్లకి ఉండదు. అందుకని కొన్ని పుస్తకాల డేట్ స్లిప్ మీద పదేళ్లుగా ఒక్క ముద్ర కూడా పడలేదు. అలాంటి పుస్తకం దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టేటప్పుడు నాకు నిజంగా బాధగా ఉండేది.

నాలుగేళ్ల క్రితం పాత క్యాలెండర్ అట్టలు కత్తిరించి చీటీలు రాయడం మొదలుపెట్టాను. గుమ్మం పక్కన ఉన్న పొడవు బెంచీ మీద పాతిక పుస్తకాలు నిలబెట్టి, ఒక్కోదానికి ఒక్కో చీటీ తగిలిస్తాం. "గొప్ప నవల", "తప్పక చదవండి" లాంటి మాటలు రాయకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ పుస్తకం ఎలాంటివాళ్లకి పనికొస్తుందో రాయాలి, కింద ఎవరు చెప్పారో ఉండాలి. రాసేది నేనొక్కదాన్నే కాదు. మా అటెండర్ గారు రాస్తారు, ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. ఊడ్చే పిన్నికి రాయడం రాదు, ఆవిడ చెప్తుంటే నేను రాస్తాను.

అన్నయ్యగారు ఈ ఉద్యోగానికి ముందు టూరింగ్ టాకీసులో పనిచేశారు. పుస్తకం గురించి చెప్పమంటే ఆయన సినిమా దగ్గర మొదలుపెడతారు. కన్యాశుల్కానికి ఆయన రాసిన చీటీ ఇది: "సినిమా చూసినవాళ్లు నాటకం చదవరు. నాటకం చదివినవాళ్లు సినిమా చూడరు. రెండూ తప్పే. ముందు చదివి, తర్వాత 1955 సినిమాలో సావిత్రి గారి మధురవాణిని చూడండి." ఈ చీటీ పెట్టాక ఆ నాటకాన్ని రెండు నెలల్లో ఏడుగురు తీసుకెళ్లారు. ఒకాయన తిరిగిచ్చేటప్పుడు ముప్పావు గంట నిలబడి అన్నయ్యగారితో గిరీశం గురించి వాదించాడు. ఏడున్నర దాటినా నేను తాళం వేయలేదు.

పిన్ని ఎంచుకున్నది రైతునేస్తం పత్రిక. ఆవిడకి ఒక గేదె, పెరట్లో నాలుగు మడుల కూరగాయలు. మనవరాలి చేత ప్రతి నెలా చదివించుకుంటుంది. "పురుగుమందు కొట్టు దగ్గరికి పోయేముందు ఇది చదివి పొండి" అని రాయించింది. ఆ పత్రిక కోసం ఇప్పుడు కౌలు రైతులు ఇద్దరు నెలనెలా వస్తారు. అంతకుముందు వాళ్లు లైబ్రరీ గుమ్మం ఎక్కినవాళ్లు కాదు. పత్రికలంటే వారపత్రికలే అనుకునే నాకు పిన్ని చేసిన మేలు ఇది.

రోజూ పేపరు కోసం వచ్చే ఒక తాతగారు ఉన్నారు. ఒకప్పుడు బట్టలు కుట్టేవారు. కళ్లకి ఆపరేషన్ అయ్యాక పెద్ద పుస్తకాలంటే భయపడిపోయారు. "సగంలో వదిలేయాల్సి వస్తే మనసు పీకుతుందమ్మా" అనేవారు. ఆయనకి అమరావతి కథలు ఇచ్చాను. సత్యం శంకరమంచి గారు రాసిన వంద చిన్న కథలు, బాపు బొమ్మలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందనో, శ్యామ్ బెనెగల్ హిందీలో సీరియల్ తీశారనో ఆయనకి చెప్పలేదు. "ఒక్కో కథ కాఫీ చల్లారేలోగా అయిపోతుంది తాతగారూ" అన్నాను, అంతే. మొదటి కథ పేరు 'వరద'. మర్నాడు పేపరు ముట్టుకోకుండా నా బల్ల దగ్గరికి వచ్చి, తన చిన్నప్పుడు కృష్ణ పొంగినప్పుడు ఎవరెవరు ఎవరింట్లో తలదాచుకున్నారో గంటసేపు చెప్పారు. రోజుకి ఒకటే కథ. మూడు నెలలకి పైగా పట్టింది. గడువు దాటినప్పుడల్లా నేనే మళ్లీ ముద్ర వేసి ఇచ్చాను.

చిన్నపిల్లలకి చీటీలు పనిచేయవు. వాళ్లకి చదివి వినిపించాలి. మా దగ్గర చందమామ పాత సంచికలు బైండు చేసినవి తొమ్మిది సంపుటాలు ఉన్నాయి. కాగితం పసుపు రంగులోకి మారి, అంచులు పెళుసుబారాయి. ఆదివారం సాయంత్రం పిల్లలు వస్తే బేతాళ కథ ఒకటి తీసి గట్టిగా చదువుతాను. బేతాళుడు ప్రశ్న వేసే చోటికి రాగానే పుస్తకం మూసేస్తాను. కాసేపు అందరూ తలా ఒక జవాబు చెప్తారు, పోట్లాడుకుంటారు. అసలు జవాబు కావాలంటే ఎవరికి వాళ్లే వెతుక్కుని చదువుకోవాలి. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్లలు కూడా ఆ అర పేజీ కోసం ఎంత తంటాలు పడతారో చూడాలి! శంకర్ గారి బొమ్మ, భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే ఆ విక్రమార్కుడు, ఇప్పటికీ వాళ్లని పట్టి లాగుతాడు.

రెండేళ్ల క్రితం నవంబరులో, 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో, ఆ పిల్లలకి సినిమా వేద్దామని అన్నయ్యగారు పట్టుబట్టారు. తెలిసినవాళ్ల ప్రొజెక్టరు అడిగి తెచ్చారు. వరండా గోడకి తెల్ల పంచె కట్టి మాయాబజార్ వేశాం. 1947లో చందమామ మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే పదేళ్ల తర్వాత ఈ సినిమా తీశారని ముందే చెప్పాను. పిల్లలు నమ్మలేదు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళ్తుంటే గ్రూప్స్ పిల్లలు కూడా పుస్తకాలు మూసి వచ్చి వెనకాల నిలబడ్డారు. అయిపోయాక ఒక పాప, "ఈ కథ ఏ పుస్తకంలో ఉంది మేడం?" అని అడిగింది. శశిరేఖ పెళ్లి కథ వ్యాస భారతంలో లేదని, మనవాళ్లు చెప్పుకుంటూ ఆడుకుంటూ పెంచుకున్నదని చెప్పాను. "అయితే భారతంలో ఏముంది?" అంది. పిల్లల భారతం తీసి ఇచ్చాను. ఆ ప్రశ్న కోసమే ఆ వారమంతా కష్టపడ్డాం అనిపించింది.

ఇవన్నీ కుదిరినవి. కుదరనిది ఒకటి చెప్పాలి, ఎందుకంటే "కూర్చోండి" అనడం నేను నేర్చుకున్నది అప్పుడే.

ఒకావిడ, యాభై దాటి ఉంటుంది, అప్పుడప్పుడు నవలలు తీసుకెళ్లేది. కొన్ని నెలలు కనిపించలేదు. మళ్లీ వచ్చినప్పుడు చిక్కిపోయి ఉంది. కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడని పిన్ని చెవిలో చెప్పింది. ఆవిడ మామూలుగానే, "ఏదైనా మంచి పుస్తకం ఇవ్వమ్మా" అంది. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. మనసు తేలికపడుతుందని ఇల్లేరమ్మ కథలు చేతిలో పెట్టాను. సోమరాజు సుశీల గారి పుస్తకం, నేను ఎన్నిసార్లు చదివినా నవ్వుకుంటాను. రెండో రోజే తెచ్చి బల్ల మీద పెట్టింది. "మంచిదేనమ్మా. నాకే నవ్వాలని లేదు" అంది. ఆ మాట అనేటప్పుడు కూడా నేను నొచ్చుకుంటానేమో అని జాగ్రత్తగా అంది.

అప్పుడు కూర్చోమన్నాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అడిగింది: "భారతంలో యుద్ధం అయిపోయాక గాంధారి వస్తుంది కదా. ఆ భాగం ఉందా? నూరుమందిని పోగొట్టుకున్న తల్లి ఏం మాట్లాడిందో చూడాలని ఉంది."

కవిత్రయ భారతం తాత్పర్యంతో సహా టీటీడీ వాళ్లు వేసింది మా దగ్గర ఉంది. స్త్రీపర్వం ఉన్న సంపుటం తీశాను. ఇంటికి తీసుకెళ్లనంది. ఇంట్లో ఏడిస్తే అందరూ వచ్చి ఆపుతారట. లోపలి గదిలో కిటికీ దగ్గర కుర్చీ వేశాను, ఫ్యాన్ అటు తిప్పాను. నాలుగు రోజులు వరసగా వచ్చింది. తిక్కన గారి పద్యం కష్టంగా ఉన్న చోట నన్ను పిలిచేది. నేను పద్యం చదివేదాన్ని, ఆవిడ తాత్పర్యం చదువుకునేది. గాంధారి యుద్ధభూమిలో తన బిడ్డల్నే కాదు, అవతలి పక్షం బిడ్డల్ని కూడా చూసి ఏడుస్తుంది. అభిమన్యుడి కోసం ఉత్తర ఏడవడం కూడా చూస్తుంది. అక్కడ ఆవిడ చాలాసేపు ఆగిపోయింది.

నాలుగో రోజు పుస్తకం మూసి, "చివరికి కృష్ణుణ్ణే శపించింది కదమ్మా" అంది.

"శపించిందండీ" అన్నాను.

"ఊఁ" అని లేచి, చీర కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లింది.

దుఃఖంలో ఉన్నవాళ్లకి నవ్వించే పుస్తకం ఇవ్వాలని నేను అనుకున్నాను. ఆవిడకి కావలసింది తన బాధ పట్టేంత పెద్ద పుస్తకం. ఆ విషయం ఆవిడకే తెలుసు. నేను అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేది. ఆ సంపుటానికి ఇప్పటికీ చీటీ రాయలేదు. బెంచీ మీద పెట్టలేదు కూడా. అది అడిగినవాళ్లకి మాత్రమే.

లైబ్రరీ కోర్సులో రంగనాథన్ గారి పంచసూత్రాలు బట్టీ పట్టాం. 1931లో ఆయన రాసినవాటిలో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. పరీక్షలో ఒకదాని కింద ఒకటి రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రెంటి మధ్యలో ఒక మనిషి కూర్చుని ఉండాలని మాత్రం ఈవిడ దగ్గరే నాకు తెలిసింది. మా ప్రాంతంలోనే, పెదవడ్లపూడి నుంచి కొల్లిపర వరకు కాలువ మీద 1935లో పడవ గ్రంథాలయం నడిపారు పాతూరి నాగభూషణం గారు. ఆ పడవ గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒకటే ఆలోచన వస్తుంది. ఏ రేవులో ఎవరు నిలబడి ఉంటారో, వాళ్లకి ఏది కావాలో ఆ పడవలో ఉన్నాయనకి తెలిసే ఉంటుంది. లేకపోతే అంత బరువు మోసుకుని ఎందుకు తిరుగుతారు?

ఇప్పుడు నాకు టెన్షన్ అంతా వరండా పిల్లల గురించే. వాళ్లలో ఒకమ్మాయి మూడేళ్లుగా వస్తోంది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు, వాయిదాలు, ఇంట్లో పెళ్లి మాటలు. పోయిన నెల ఒకరోజు లైట్లు ఆర్పుతుంటే కూడా లేవలేదు. "ఏమైందమ్మా?" అంటే, "చదివింది ఏదీ తలకి ఎక్కట్లేదు మేడం" అంది. కరెంట్ అఫైర్స్ కాకుండా ఈ మధ్య ఏమైనా చదివావా అని అడిగాను. ఇంటర్ తర్వాత ఏమీ లేదంది. ఎలాంటి మనుషుల గురించి చదవాలని ఉందని అడిగితే, కాసేపు ఆలోచించి, "ఇంటిని మోసే ఆడవాళ్లు. కానీ ఏడుస్తూ మోసేవాళ్లు కాదు" అంది.

కాలాతీత వ్యక్తులు తీసి ఇచ్చాను. డాక్టర్ పి. శ్రీదేవి గారు 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా రాశారు. ఆవిడ రాసిన ఒకే ఒక్క నవల. చిన్న వయసులోనే పోయారు. తండ్రిని పోషిస్తూ, తన బతుకు తను తేల్చుకోవాలని పట్టుదలగా ఉండే ఇందిర అందులో ఉంది. ఇందిర మంచిదా చెడ్డదా అని మా ఊళ్లో ఆ నవల చదివిన ప్రతి ఒక్కరూ నాతో వాదించారు. నేను మాత్రం ఇందిర పక్షమే. దీని ఆధారంగా 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమా వచ్చిందని అన్నయ్యగారు అందుకున్నారు. కథ బాగా మార్చేశారు, నవల అయ్యాకే చూడమ్మా అని నేను గట్టిగా చెప్పాను. ఈ విషయంలో ఆయనా నేనూ ఏకాభిప్రాయానికి రాలేదు.

పదిహేను రోజుల గడువు మొన్న సోమవారంతో అయిపోయింది. ఆ అమ్మాయి రోజూ వస్తూనే ఉంది. పుస్తకం ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నిన్న ఫ్యాన్ స్విచ్ వేయడానికి వరండాలోకి వెళ్లినప్పుడు చూశాను. జనరల్ స్టడీస్ పుస్తకం కింద ఆ నవల ఉంది, సగానికి పైగా చదివిన పేజీ దగ్గర బస్సు టికెట్టు పెట్టి ఉంది. నన్ను చూసి, "మేడం, ఇంకో నాలుగు రోజులు" అంది. సరేనన్నాను.