బొంతకి మూడు వైపులే బార్డర్

ముక్కలు కలపడం అయిపోయింది. నేల మీద పరిస్తే పెద్దగానే కనిపించింది గానీ, మంచం మీద వేసేసరికి పరుపు మేరకే వచ్చింది. మాది 60 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవున్న మంచం. పరుపు మందమే 6 అంగుళాలు. బొంత పక్కలకి దిగకపోతే రాత్రి ఒకరు కప్పుకున్నప్పుడల్లా రెండోవారు లేచి కూర్చోవాలి. (విజయవాడలో బొంతేంటని నవ్వకండి. మా వారికి ఏసీ 20లో ఉంటేగానీ నిద్ర పట్టదు.) కాబట్టి బార్డర్ తప్పదు. ఏ గుడ్డ వెయ్యాలి, మూలలు ఎలా తిప్పాలి అన్న దగ్గరే ఆగిపోయాను.

మా అత్తయ్యగారి లెక్కలో ఇదసలు సమస్యే కాదు. "బొంతకి బార్డరేంటమ్మాయ్? బొంత కింద వేసే అడుగు చీర నాలుగు వేళ్ళు ఎక్కువ వదిలి, పైకి మడిచి కుట్టెయ్యడమే" అన్నారు. గట్టి పద్ధతే, కాదనను. కానీ నాకు నాలుగు వేళ్ళు చాలవు, 9 అంగుళాలు కావాలి.

ముందు వన్‌టౌన్‌లో బట్టల మార్కెట్ వస్త్రలతకి వెళ్ళి పెడన కలంకారీ చూశాను. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు). రెండున్నర మీటర్లు తీసుకుంటే పొడవునా అతుకు లేకుండా నాలుగు పట్టీలొస్తాయి. అడ్డంగా కోస్తే గుడ్డ కలిసొస్తుంది అనుకుంటాం గానీ, ప్రతి 44 అంగుళాలకీ అతుకు పడుతుంది, పైగా అడ్డం పోగు ఎక్కువ సాగుతుంది. ఎరుపు మీద ఆకులూ లతలూ, చూస్తే వదలబుద్ధి కాలేదు. అయినా వదిలేశాను. బొంత మధ్యలో ఇప్పటికే నా పాత చీరలూ, పిల్లల గౌన్లూ కలిసి సంతలా ఉన్నాయి. చుట్టూ మళ్ళీ లతలు పెడితే చూపు ఎక్కడా నిలవదు. కొత్త ఎరుపు రంగు దిగుతుందేమోనన్న టెన్షన్ ఒకటి. విడిగా ఉతికి, తడి మీదే తెల్ల గుడ్డతో రుద్ది చూసి, అంటితే మళ్ళీ ఉతకాలి.

చివరికి ఇంట్లోనే దొరికింది. అత్తయ్యగారి మంగళగిరి చీర, ఆకుపచ్చది, నిజాం బార్డర్. ఒళ్ళంతా సాదా, అంచున సన్న జరీ. ఏళ్ళ తరబడి ఉతికింది కాబట్టి కొత్తగా కుదించుకుపోయేదీ లేదు, రంగు దిగేదీ లేదు. చీర ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. పైట చెంగుకి ఒక గజం వదిలేస్తే 180 మిగులుతుంది. జరీ రెండంచులా ఉంది కనక ఇటు నుంచీ అటు నుంచీ పట్టీలు తీసుకోవచ్చు.

సాదా గుడ్డయితే మూలల గురించి ఇంత ఆలోచించను. పక్క పట్టీలు కుట్టేసి, కాళ్ళవైపు వచ్చే కింది పట్టీ వాటి మీదుగా అడ్డంగా వేసేస్తే సరి. జరీ గీతతో అలా కుదరదు. పక్క నుంచి వచ్చిన గీత కింది పట్టీకి గుద్దుకుని ఆగిపోతుంది. ఐమూలగా కలిపితేనే మలుపు తిరుగుతుంది. అందుకు పట్టీ కాస్త పొడుగ్గా ఉండాలి. పక్కవి 78కి బార్డర్ 9, కొసరు 3 కలిపి 90 చొప్పున. కిందిది 60కి రెండు తొమ్మిదులు, కొసరు 6 కలిపి 84. ఒక అంచు నుంచి 90, 84 తీస్తే 174, చెంగు జోలికి పోనక్కర్లేదు. ఇంకో 90 రెండో అంచు నుంచి.

కొలత మాత్రం బొంత అంచున తీసుకోకూడదు. నా బొంత పక్కన టేపు పెడితే 79, నడిమధ్యన 78. కుట్టేటప్పుడు చేతుల్లో నలిగి అంచులు సాగుతాయి. 79కి పట్టీ కడితే బార్డర్ అలలు తేలుతుంది. మధ్య కొలతనే పట్టీ మీద గుర్తు పెట్టి, దాన్నీ బొంతనీ నాలుగు సమభాగాలుగా మడిచి చాక్‌తో గుర్తులు పెట్టుకుని, గుర్తుకి గుర్తు గుండుసూదితో కలుపుతాను. మిషన్ మీద బొంత కిందికి, పట్టీ పైకి ఉండాలి. సూది కింద గుడ్డని జరిపే పళ్ళు సాగిన గుడ్డని లాక్కుని ఆ అంగుళాన్ని సర్దేస్తాయి. మూలకి పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని ఐమూలగా మడిచి ఇస్త్రీ చేసి, జరీ మీద జరీ కూర్చున్నాకే చేత్తో కుట్టాలి. విప్పి పరిచి, చదునుగా ఉందనుకున్నాకే కొసరు కత్తిరించాలి. అందాకా కత్తెర పక్క గదిలో ఉంటే మంచిది.

తలవైపు బార్డర్ వెయ్యట్లేదు. అక్కడెలాగూ దిండ్లుంటాయి, పైగా కప్పుకున్నప్పుడు జరీ గడ్డం కింద గీరుకుంటుంది. ఆ ఒక్క వైపు మాత్రం అడుగు చీర నాలుగు వేళ్ళు మడిచి, అత్తయ్యగారి పద్ధతే. ఆవిడ విని ఏమీ అనలేదు గానీ, మిగిలిన చెంగుతో దిండు గలీబులు కుట్టమంటున్నారు. జరీ మళ్ళీ మొహానికే వస్తుంది అత్తయ్యగారూ అంటే వినరే!