2^67 − 1 విడిపోయింది, బేస్ 2 మాత్రం చుక్కలు చూపించింది

ఎట్టకేలకు వచ్చింది! 147573952589676412927, అంటే 2^67 − 1, నా సొంత పైథాన్ ప్రోగ్రాంలోనే 193707721 × 761838257287గా విడిపోయింది. పారీ అనే గణిత ప్రోగ్రాంలో అయితే ఒక్క లైను కొడితే రెప్పపాటులో జవాబు వచ్చేస్తుంది, మంచి సాఫ్ట్‌వేరే, కానీ ఈ సంఖ్య ఎంత గడుసుదో అందులో కనబడదు.

లూకస్-లేమర్ పరీక్ష 65 మెట్లలో ఇది ప్రధాన సంఖ్య కాదని తేల్చేసింది. 1876లో ఫ్రెంచ్ గణితవేత్త లూకస్ తేల్చిందీ అంతవరకే, కారణాంకాలు తెలియడానికి 1903లో అమెరికన్ గణితవేత్త కోల్ దాకా ఆగాల్సి వచ్చింది.

పేచీ అంతా పొలార్డ్ పీ మైనస్ వన్‌తోనే. కారణాంకం p అయితే, p − 1 చిన్న ప్రధాన సంఖ్యల లబ్ధమైనప్పుడు దాన్ని పట్టే పద్ధతి ఇది: ఒక బేస్‌కి, హద్దు లోపలి ప్రధాన సంఖ్యల (వాటి ఘాతాల) లబ్ధాన్ని ఘాతంగా వేసి, 1 తీసేసి, అసలు సంఖ్యతో గ.సా.భా. చూడాలి. బేస్ 2, హద్దు 10000, గ.సా.భా. చివర్లో ఒక్కసారి: అసలు సంఖ్యే మొత్తంగా తిరిగొచ్చింది. హద్దు 1000కి దించినా అంతే, 100కి దించినా అంతే. 61 పెడితే 1, అంటే ఏదీ దొరకలేదు. మధ్యలో ఏమీ లేదు! ఓవర్‌ఫ్లో (సంఖ్య మరీ పెద్దదై మెమరీలో పట్టకపోవడం) అనుకుందామంటే పైథాన్ పూర్ణాంకాలకి ఆ బెడద లేదు. ఒక్కో ప్రధాన సంఖ్య గుణించినప్పుడల్లా గ.సా.భా. ప్రింట్ చేయించి చూస్తే, 61 దాకా వరసగా 1లు, 67 చేరగానే అసలు సంఖ్య. అక్కడ అర్థమైంది. 2^67ని ఈ సంఖ్యతో భాగిస్తే శేషం 1, ఇది పుట్టిందే అలా కదా. ఘాతంలోకి 67 రాగానే రెండు కారణాంకాలూ ఒకేసారి దొరికిపోతాయి, ఇక విడదీయడానికి ఏం మిగలదు. మెర్సెన్ సంఖ్యల (2^n − 1 రూపంలోవి) మీద పీ మైనస్ వన్‌కి బేస్ 2 దండగ, ఇందులో నాకు రెండో మాట లేదు.

సరే, బేస్ 3, హద్దు 10000. మళ్లీ అసలు సంఖ్యే! లక్షణం అదే, జబ్బు వేరు. 2000 పెడితే 1, 5000 పెడితే 193707721. ఎందుకో, రెండు కారణాంకాల్లోంచి 1 తీసేసి విడదీసిన ఈ రెండు వరసలు చూస్తే తెలుస్తుంది:

193707720 = 2^3 × 3^3 × 5 × 67 × 2677
761838257286 = 2 × 3^2 × 29 × 67 × 2551 × 8539

హద్దు 2677కి తగ్గితే ఒక్కటీ పడదు, 8539 చేరితే రెండూ కలిసి పడతాయి. 10000 అనేది అందరూ అలవాటుగా పెట్టే హద్దు, ఇక్కడ సరిగ్గా అదే కొంప ముంచింది. అందుకే గ.సా.భా. చివరిదాకా ఆపకుండా ప్రతి 100 ప్రధాన సంఖ్యలకోసారి తీసేలా మార్చాను. కొంచెం నెమ్మదిస్తుంది, పర్వాలేదు.

ఈ సంఖ్య కారణాంకాలన్నీ 134k + 1 (అంటే 2 × 67 × k + 1) రూపంలోనే ఉంటాయి కాబట్టి, అలాంటివాటితో భాగించుకుంటూ పోయినా చిన్న కారణాంకం దొరుకుతుంది, k = 1445580 దగ్గర. కాకపోతే ఆ దారిలో సంఖ్య స్వభావం ఏమీ తెలియదు, నాకు రుచించదు.

తర్వాతిది 2^71 − 1. దానికి మూడు కారణాంకాలు: 228479, 48544121, 212885833. ఒక్కోదాంట్లోంచి 1 తీసేస్తే మిగిలేదాని అతిపెద్ద ప్రధాన కారణాంకాలు వరసగా 1609, 17093, 7349. అంటే కొత్త పద్ధతిలో 228479, 212885833, 48544121 ఈ వరసలో విడివిడిగా బయటికి రావాలి. అలా వస్తే 2^101 − 1 పట్టుకుంటాను, అందులో చిన్న కారణాంకానికే 13 అంకెలు, బహుశా ఈసీఎం (ఎలిప్టిక్ కర్వ్‌లతో కారణాంకాలు వెతికే పద్ధతి) రాయక తప్పదు.