రెండక్షరాల లక్ష్మి

"ఒరేయ్, నీ మెసేజ్ సగమే వచ్చింది. మిగతాదేదిరా?" పొద్దున్నే అమ్మ ఫోన్.

నేను రాసింది రెండు వాక్యాలే. ఇంగ్లీషులో అయితే ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. అదీ మన లెక్కన కాదు. ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలు, ఫోన్‌కి ఏడు! ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. వేళ్ల మీద లెక్కపెట్టా.

మన దగ్గర అమ్మే ఫోన్లలో దేశంలోని 22 అధికార భాషలూ చదవగలిగేలా ఉండాలని ఐఎస్ 16333 అనే భారతీయ ప్రమాణం. దాని పుణ్యమో ఏమో, అమ్మ బటన్ల ఫోన్‌లో ఇప్పుడు తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనబడట్లేదు.

రెండో ముక్క మధ్యాహ్నం చేరింది: "కుదరట్లేదమ్మా."

ఈలోపే మొదటి ముక్క చదివి, ఆదివారం నేనొస్తున్నానని లక్ష్మి పిన్నికి చెప్పేసిందట.