శ్రీపాద కొండ ఎక్కొచ్చాం

శ్రీలంకలో శ్రీపాద అని ఒక కొండ ఉంది. 2,243 మీటర్ల ఎత్తు, శిఖరం మీద బండలో అడుగు ఆకారంలో ఒక గుంట, పొడవు దాదాపు 1.8 మీటర్లు. బౌద్ధులు అది బుద్ధుడి ఎడమ పాదం అంటారు, తమిళ శైవులు శివుడిదంటారు, ముస్లింలు స్వర్గం నుంచి దిగిన ఆదం మోపిన అడుగంటారు, క్రైస్తవుల్లో కొందరు సెయింట్ తోమా పేరు చెబుతారు. ఈ సంగతి చెప్పగానే మా మావయ్య "అయితే వెళ్దాం పదరా" అన్నారు. ఏళ్ల తరబడి శబరిమల వెళ్తున్న గురుస్వామి ఆయన, ఎరుమేలిలో వావర్ మసీదుకి వెళ్లి మొక్కుకున్నాకే కొండెక్కే మనిషి, అందుకని ఆయనకి ఇందులో వింతేమీ కనపడలేదు.

కొండ కింద నల్లతన్ని అనే ఊరి వైపు నుంచి దాదాపు 5,500 మెట్లు. మా కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే, మోకాళ్లకి అంత అలవాటు ఎక్కడిది! అర్ధరాత్రి దాటాక మొదలుపెట్టాం, పైదాకా లైట్లు, దారి పొడుగునా టీ కొట్లు. చివర్లో మెట్లు నిటారుగా అయిపోతాయి, ఇనప కమ్మీ మంచుకి తడిసి చెయ్యి జివ్వుమంటుంది, అయినా వదల్లేం.

గెత్తంపాన అనే చోట బుద్ధుడు ఆగి చిరిగిన వస్త్రం కుట్టుకున్నాడని నమ్మకం. అక్కడ యాత్రికులు సూది, దారం సమర్పిస్తారు. తెల్లచీర కట్టుకున్న ఒక ముసలావిడ దారపు ఉండని అరచేతిలో దొర్లిస్తూ, దారం తెగకుండా విప్పుకుంటూ, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కుతోంది, పక్కనున్న మనవడు చెయ్యి పట్టుకోబోతే వద్దంది. ఆవిడ వెనకే మేమూ నెమ్మదిగా నడిచాం, దాటి వెళ్లాలనిపించలేదు.

అక్కడ ప్రతి గుంపుకీ ముందు ఎక్కొచ్చిన పెద్ద ఒకరు ఉంటారు, నడె గుర అంటారు, ఆయన చెప్పినట్టే మిగతావాళ్లు నడుచుకోవాలి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురైతే, ఈ కొండని కాచే సమన్ దేవుడు మీకు తోడుండాలని పాడుకుంటారు. మావయ్యకి ఇదంతా తెలిసిన పద్ధతే. పైన ఒక గంట ఉంది, ఎన్నిసార్లు ఎక్కితే అన్నిసార్లు కొట్టాలి. మా గురుస్వామి అక్కడ కన్నెస్వామి, ఒక్కసారే కొట్టి కళ్లు తుడుచుకున్నారు.

నాకు మాత్రం ఎక్కుతున్నంతసేపూ ఇబ్న్ బతూతా గుర్తొస్తూనే ఉన్నాడు. 1344లో ఆ మొరాకో యాత్రికుడు ఈ కొండకి బయల్దేరితే, అక్కడి తమిళ రాజు ఆర్య చక్రవర్తి పల్లకీ ఇచ్చి, ఏటా ఈ పాదానికి వెళ్లే నలుగురు యోగుల్నీ ముగ్గురు బ్రాహ్మణుల్నీ, సామాన్లు మోయడానికి పదిహేను మందినీ తోడు పంపాడట. ఆదం అడుగు చూడాలని వచ్చిన ముస్లింకి దారి చూపించింది యోగులు! కొండకి బాబా దారి, మామా దారి అని రెండున్నాయనీ, బాబా అంటే ఆదం, మామా అంటే హవ్వ అనీ, కష్టమైనది బాబా దారే అనీ ఆయనే రాశాడు.

అలాగని ఎప్పుడూ గొడవ లేదని అనను. 16వ శతాబ్దంలో సీతావక రాజు మొదటి రాజసింహుడు శైవం పుచ్చుకుని కొండని శైవ సన్యాసుల చేతికిచ్చాడు, 18వ శతాబ్దంలో కీర్తి శ్రీ రాజసింహుడు తిరిగి భిక్షువులకి అప్పగించాడు, ఇప్పటికీ వాళ్ల అజమాయిషీయే. రాజులు మారినప్పుడల్లా శిఖరం చేతులు మారింది. దారి మాత్రం అందరిదిగానే ఉండిపోయింది. 11వ శతాబ్దంలోనే విజయబాహు రాజు యాత్రికుల భోజనాల కోసం ఊరు రాసిచ్చాడంటే చూడండి. ఎవరి కథ వాళ్లు గట్టిగానే నమ్ముతారు, ఎవరూ వదులుకోలేదు, అయినా చలిలో టీ ఇచ్చేటప్పుడు నీ పాదం ఎవరిదని ఎవరూ అడగరు. నాకు నచ్చింది ఇదే.

మనకీ కొత్త కాదు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడీ ఉంది, దర్గా కూడా ఉంది, మా అమ్మ రెండు చోట్లకీ వెళ్తుంది. వైనతేయ ఒడ్డున ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది కదా, సింహళం వెళ్తూ సంఘమిత్ర దానికి పునాది వేసిందని మావాళ్లు చెప్పుకుంటారు. శ్రీపాదకి వెళ్లాలనుకునేవాళ్లు ముందు అక్కడికి ఓసారి వెళ్లిరండి, పెద్దగా జనం ఉండరు.

వెళ్లేవాళ్లకి ఒక మాట: డిసెంబరు పౌర్ణమి నుంచి మేలో బుద్ధపౌర్ణమి దాకా సీజను, మిగతా నెలల్లో వానా, గాలీ. పౌర్ణమి రోజుల్లో మెట్ల మీద కాలు కదపడానికి ఉండదు, పెద్దవాళ్లని తీసుకెళ్తే మామూలు రోజు చూసుకోండి. స్వెట్టరు మర్చిపోకండి. సూర్యోదయం కాగానే అందరూ తూర్పు చూస్తూ ఉండిపోతారు, మీరు ఒక్కసారి పడమటి వైపు తిరగండి, కొండ నీడ త్రికోణంలా మబ్బుల మీద పడుతుంది, కొద్దిసేపే ఉంటుంది.