జీఆర్ఈ క్వాంట్: రెండు వేల లెక్కలు చేస్తే పెరిగింది ఒక్క మార్కు

విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్ఈ అనగానే మన ఇంజినీరింగ్ వాళ్లందరిదీ ఒకటే ధీమా, అందులో లెక్కల భాగమైన క్వాంట్ మనకో లెక్కా అని. ఇంటర్‌లో ఎంపీసీ, ఎంసెట్ కోసం రోజుకు వంద బిట్లు కొట్టిన ప్రాణాలు మరి. నేనూ అదే అలవాటు కొద్దీ రోజుకు నలభై లెక్కలు పెట్టుకుని, గోడ క్యాలెండర్ మీద టిక్కులు కొట్టుకుంటూ పోయాను. రెండు నెలల్లో రెండు వేలు దాటాయి. మొదటి మాక్‌లో, అంటే నమూనా పరీక్షలో, క్వాంట్ 160 వచ్చింది. ఇంత చేశాక 161.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు కొత్త లెక్క ఒక్కటీ ముట్టుకోకుండా, అప్పటిదాకా రాసిన ఐదు మాకుల్లో తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. మొత్తం 31. అందులో 17 క్వాంటిటేటివ్ కంపారిజన్‌వే, అంటే ఎ, బి అని రెండు విలువలిచ్చి ఏది పెద్దదో చెప్పమనే ప్రశ్నలవే! ఒకటి చూడండి. ఎక్స్ స్క్వేర్ 16 అని ఇచ్చారు. క్వాంటిటీ ఎ: ఎక్స్. క్వాంటిటీ బి: 4. నేను రెండూ సమానం అని పెట్టేశాను. మైనస్ 4 సంగతి? జవాబు డి, అంటే ఇచ్చిన సమాచారంతో తేల్చలేం. ఎంసెట్‌లో జవాబు చకచకా తేల్చేయడమే అలవాటైన చేతికి ఇది మింగుడుపడదు.

ఇలాంటి వాటిల్లో ఎక్స్ స్థానంలో సున్నా, ఒకటి, మైనస్ ఒకటి, అర వేసి చూడాలన్న చిట్కా నాకు తెలియంది కాదు. మొదటి వారంలోనే ఏదో వీడియోలో విని రాసుకున్నాను కూడా. ఆ 17 తప్పుల్లో పదకొండింటి పక్కన ‘నెగెటివ్ మర్చిపోయా’ అని నా చేత్తో రాసుకున్నాకే అది బుర్రకెక్కింది. ఇక స్ట్రాటజీ వీడియోలే చూస్తూ మూడు రంగుల టైంటేబుల్ వేసుకున్న మా రూమ్మేట్ మొదటి మాక్‌లో చివరి నాలుగు ప్రశ్నలు తెరవనేలేదు.

అప్పట్నుంచి నలభై లెక్కలు మానేశాను. ఇప్పటి పరీక్షలో క్వాంట్ మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. రెండోది 15 ప్రశ్నలు, 26 నిమిషాలు. అందుకే రోజుకు టైమర్ పెట్టి ఒకే ఒక్క 12 ప్రశ్నల సెట్, తర్వాత గంట సేపు దాని పోస్ట్‌మార్టం. సెక్షన్‌లో ఏ ప్రశ్నకైనా విలువ ఒకటే, నెగెటివ్ మార్కులు లేవు. ప్రాబబిలిటీ లెక్క రెండు నిమిషాల్లో లొంగకపోతే ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి ముందుకెళ్లడం నేర్చుకున్నాను. పంతం వదలడానికే రెండు వారాలు పట్టిందంటే నమ్మండి.

ఇంగ్లిష్ భాగమైన వెర్బల్‌కి పదాలు బట్టీ పట్టక తప్పదు, అక్కడ షార్ట్‌కట్ లేదు. నాకు పనికొచ్చింది ఒకటి: సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో, అంటే ఒకే ఖాళీకి ఒకే అర్థం వచ్చేలా రెండు పదాలు ఎంచుకోవాల్సిన ప్రశ్నల్లో, ఆప్షన్లు చూడకుండా ఖాళీలో ముందు తెలుగు మాట పెట్టుకోవడం. ‘పిసినారి’ అనుకున్నాక పార్సిమోనియస్, మైజర్లీ వాటంతట అవే కనిపిస్తాయి. రెండూ పట్టుకుంటేనే మార్కు, ఒకటి తప్పినా సున్నానే.

చివరికి క్వాంట్ 167, వెర్బల్ 154. ఒక్క తప్పు మాత్రం దిద్దుకోలేకపోయాను. ఈ పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్లు ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ టెస్టులనూ ఆత్రం కొద్దీ మొదటి వారంలోనే రాసేశాను. పరీక్ష దగ్గరపడ్డాక అసలు పేపర్‌కి దగ్గరగా ఉండే కొత్త టెస్టు చేతిలో లేకుండా పోయింది. మీరు ఒకటైనా చివరి పది రోజులకు దాచుకోండి.